చెరువు పూడిక మట్టి చేనుకు తోలుకునేటప్పుడు

వానకు చేను కోసుకుపోయినప్పుడు ముందు పోయేది సన్నటి బంకమట్టి. దాన్ని అంటిపెట్టుకున్న భాస్వరం, సేంద్రియ పదార్థం కూడా దాంతోపాటే పోయి చెరువులో దిగుతాయి. అక్కడ పేరుకున్నకొద్దీ నీటి నిల్వ తగ్గి, గుర్రపుడెక్క బలుస్తుంది. 2015లో తెలంగాణలో మొదలైన చెరువుల పునరుద్ధరణ పథకం మిషన్ కాకతీయలో రైతులు తోలుకున్నది ఈ మట్టినే.

ఎర్ర చలకలకు, దుబ్బ నేలలకు ఇది బాగా పనికొస్తుంది. నల్లరేగడికి వద్దు, అసలే నీరు ఇంకని నేల.

వాగు కలిసేచోట ముతక ఇసుక ఆగిపోతుంది, సన్న ఒండ్రు కట్టవైపు లోతట్టుకు చేరుతుంది. మంచి మట్టి అక్కడే, ప్రమాదమూ అక్కడే. కట్ట మొదట్లో గుంత పడితే కట్ట జారుతుంది కాబట్టి ఇంజనీర్లు పెట్టిన హద్దు దాటొద్దు. నల్ల పూడిక అయిపోయి మొరం కనబడగానే ఆపేయాలి. ఇంకా తవ్వితే చెరువులో నీళ్లు నిలవవు.

గుప్పెడు మట్టి తడిపి, బొటనవేలు, చూపుడువేలు మధ్య నొక్కుతూ పట్టీలా సాగదీయండి. 5 సెం.మీ. దాకా తెగకపోతే బంక బాగా ఉన్నట్టు. 2 సెం.మీ.కే తెగితే ట్రాక్టర్ కిరాయి దండగ. భూసార పరీక్ష కూడా చేయించండి: ఉదజని సూచిక (పీహెచ్) 8.5 దాటినా, ఉప్పు ఎంతుందో చెప్పే ఈసీ (విద్యుత్ వాహకత) మీటరుకు 1 డెసీసీమెన్ దాటినా ఆ మట్టి వద్దు. ఫ్యాక్టరీ నీళ్లు, పట్నం మురుగు కలిసే చెరువైతే భార లోహాల పరీక్ష లేకుండా ముట్టుకోవద్దు.

ఎకరాకు 1 సెం.మీ. మందం పరవాలంటే 40 ఘనపు మీటర్లు కావాలి. 3 ఘనపు మీటర్లు పట్టే ట్రాలీతో 13, 14 ట్రిప్పులు. 3 సెం.మీ. అయితే 40 ట్రిప్పులు.

ఏప్రిల్, మే నెలల్లో, చెరువు ఎండాక తోలాలి. పచ్చిమట్టి తెచ్చి కుప్పలుగా వదిలేస్తే రాయిలా గట్టిపడి గుంటకకు లొంగదు. దించిన రోజే పలచగా సర్దించండి. కుళ్లిన గుడ్డు వాసన వస్తుంటే గాలి తగలక మురిగిందని అర్థం, రెండు మూడు వారాలు ఎండనివ్వండి. తర్వాత పశువుల ఎరువు చల్లి, 15 సెం.మీ. లోతు దున్ని కలపాలి. పైపైన వదిలేస్తే తొలి వానకే మళ్లీ చెరువు బాట పడుతుంది.

పూడిక తోలామని యూరియా మానేయడం చాలామంది చేసే పొరపాటు. అందులోని నత్రజని మెల్లగా గానీ పైరుకు అందదు. తుంగ గడ్డలు కూడా మట్టితో వచ్చేస్తాయి, తొలి తడికి మొలవగానే గడ్డతో సహా పీకించాలి.