పెద్దయ్యాక డోరేమాన్ మళ్లీ చూడాలంటే

ముందుగా ఒక మాట. డోరేమాన్ అనే ఈ జపాన్ కార్టూన్‌ని వరసపెట్టి చూడొద్దు. నేను ఓ ఆదివారం పట్టుబట్టి పదిహేను కథలు చూశాను. నోబిత అనే బడిపిల్లాడు ఏడుస్తూ వస్తాడు, వాడింట్లో ఉండే రోబో పిల్లి డోరేమాన్ పొట్టమీది సంచిలోంచి ఏదో వింత వస్తువు తీసిస్తాడు, వీడు దాన్ని అతిగా వాడి చివాట్లు తింటాడు. నాలుగో కథకే ఆవులింతలు మొదలయ్యాయి. తప్పు కార్యక్రమానిది కాదు, నాదే. 1979 సిరీస్ మొదలైనప్పుడు అది రోజుకు పది నిమిషాల ముచ్చట. ఇప్పుడు నేను రాత్రి గిన్నెలు సర్దాక ఒక్క కథ చూసి టీవీ కట్టేస్తున్నాను.

ఏది చూడాలో కూడా ముందే తేల్చుకోండి. 1979 సిరీస్ 2005 మార్చి దాకా నడిచింది. అందులో డోరేమాన్‌కు గొంతిచ్చింది నొబుయో ఒయామా. 2005 ఏప్రిల్‌లో కొత్త సిరీస్‌తో పాటు గొంతులన్నీ మారాయి, డోరేమాన్ గొంతు వసాబి మిజుతాది అయింది. పాత కథలు చాలావాటిని కొత్తగా మళ్లీ తీశారు. ఒకే కథ రెండు రకాలుగా దొరికితే పక్కపక్కనే పెట్టి చూడండి. డబ్బింగ్‌లో పెరిగినవాళ్లు ఒక్కసారైనా జపనీస్‌లో వినాలి. ఒయామాది కాస్త బొంగురు గొంతు. నాకైతే ఇంట్లో పెద్దావిడ మందలిస్తున్నట్టే ఉంటుంది.

చిన్నప్పుడు మనమంతా నోబిత పక్షమే కదా. ఈసారి వాళ్లమ్మ మీద కన్నేయండి. ఎక్కడో దాచిన సున్నా మార్కుల పేపరు ఆమె చేతికి చిక్కే ఘట్టాలు బోలెడు. అప్పట్లో నాకామె రాక్షసిలా కనబడేది. ఇప్పుడు మా అమ్మాయి లెక్కల నోటుబుక్కు తెరిచాక, ఆమె మరీ అంత గట్టిగా అరవలేదనిపిస్తోంది. షిజుకా అనే స్నేహితురాలు స్నానం చేస్తుంటే నోబిత ఊడిపడే హాస్యం మాత్రం నాకు నచ్చలేదు. రిమోట్‌తో దాటేస్తాను.

ఇంకేం చూసినా చూడకపోయినా, నాయనమ్మ కథ వెతికి పట్టుకోండి. ఆవిడ అతుకులేసి కుట్టిచ్చిన ఎలుగుబంటి బొమ్మ పాత సామానులో దొరుకుతుంది. ఆమె పోయి ఏళ్లయింది. నోబిత టైమ్ మెషీన్ ఎక్కి ఆవిడ బతికున్న రోజులకు వెళతాడు. ఇంత పెద్ద పిల్లాడు నేనే నీ మనవణ్నంటే ఆవిడ అనుమానించదు, రుజువులడగదు. నువ్వు బడికెళ్లే రోజు చూడాలనుందంటుంది. వీడు పరుగున తన కాలానికి వచ్చి వీపుకు తగిలించుకునే స్కూలు సంచితో వెళ్లి నిలబడతాడు. అది చూశాక ఆవిడకు మనవడి పెళ్లికూతుర్నీ చూడాలనిపిస్తుంది. వీడు తిన్నగా షిజుకా దగ్గరికి పరిగెత్తి ఇప్పుడే పెళ్లి చేసుకుందామంటాడు! నవ్వొస్తుంది. నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నాను.

ముగింపు కోసం వెతకకండి. నోబిత కోమాలో కన్న కలే ఇదంతా అనే పుకారు ఎప్పట్నుంచో తిరుగుతోంది, అది ఒట్టి కట్టుకథ. రచయిత ఫుజికో ఎఫ్. ఫుజియో ముగింపు రాయకుండానే 1996లో కన్నుమూశారు. కాకపోతే డోరేమాన్ వీడ్కోలు చెప్పి వెళ్లిపోయే కథ ఒకటుంది, ఆ వెంటనే తిరిగొచ్చే కథా ఉంది. ఆ రెండూ ఒకే పూట చూడండి. తిరిగొచ్చే కథలో నోబిత తాగే మందు వల్ల వాడన్నదల్లా అబద్ధమైపోతుంది. డోరేమాన్ ఇక రాడు అని వాడంటాడు, అంతే. ఆ పూట నా పక్కన మా అమ్మాయి ఉంది. "కార్టూన్‌కి ఏడుస్తావేంటమ్మా?" అని అడిగింది. మీరు ఒంటరిగా చూసుకోండి.