ఇంట్లోనే ఫొటో ఎడిటింగ్ – నాలుగో పాఠం: ఏ సాఫ్ట్‌వేర్ పట్టుకోవాలి?

కిందటి పాఠం చివర ఒక పని అప్పజెప్పాను. తెల్లారకముందే విశాఖ ఫిషింగ్ హార్బర్ జెట్టీకి చేరుకుని, పొద్దు పొడిచే వైపుకే కెమెరా తిప్పి, రా (సెన్సర్ పట్టిన వివరాన్ని కెమెరా వండకుండా ఉంచే ఫైలు), జేపెగ్ రెండూ సేవ్ అయ్యే సెట్టింగులో బోట్లు తీయమన్నాను. వేట నిషేధం రోజుల్లో, అంటే ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 లోపు వెళ్లినవాళ్లకి బోట్లన్నీ పక్కపక్కనే కట్టేసి దొరికి ఉంటాయి. మిగతా రోజుల్లో వెళ్లినవాళ్లకి చేపల బుట్టలు, వేలంపాట హడావిడి దొరికి ఉంటాయి. ఏదైనా ఫరవాలేదు. నాకు కావలసింది ఆకాశం మరీ తెల్లగా, బోట్లు మరీ నల్లగా వచ్చిన ఒక్క రా ఫైలు. సాఫ్ట్‌వేర్ ఎంపికకి అదే మన గీటురాయి.

జనం చేసేది దీనికి తలకిందులు. ముందు యూట్యూబ్‌లో పోలికలు చూస్తారు, స్లైడర్లు ఎక్కువున్నదాన్ని ఎంచుకుంటారు, ఆ తర్వాత దాంట్లో వేయడానికి ఫొటోలు వెతుక్కుంటారు. ఆ వీడియోల్లో చూపించేవి ఎలాగూ బాగా వచ్చిన ఫొటోలే. అవి ఎందులో వేసినా బాగానే ఉంటాయి. మీకు తేడా తెలియాలంటే మీరు తీసిన వాటిలో మిమ్మల్ని బాగా ఇబ్బంది పెట్టిన ఫొటో కావాలి.

రెండు జాతులు

ముందు ఒక్క తేడా తెలిస్తే సగం గందరగోళం పోతుంది. ఫొటోషాప్, గింప్ ఒక జాతి. ఇవి ప్రధానంగా పిక్సెల్ మీద పనిచేసే సాధనాలు. ఫొటోకి అడ్డొచ్చిన కరెంటు తీగ తీసేయాలన్నా, రెండు ఫొటోలు అతికించాలన్నా వీటితో పని. లైట్‌రూమ్, డార్క్‌టేబుల్, రాథెరపీ ఇంకో జాతి. ఇవి మీ రా ఫైలులోని బొమ్మని ముట్టుకోవు. ఎక్స్‌పోజర్ ఇంత పెంచు, ఇక్కడ కత్తిరించు అని మీరు చెప్పినవన్నీ విడిగా రాసిపెట్టుకుని, తెర మీద చూపించేటప్పుడు, ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు అమలు చేస్తాయి. ఆదివారం తీసిన రెండు మూడొందల ఫొటోల్లోంచి ఓ పదిహేను ఏరుకుని, వెలుగూ రంగూ సరిచేసుకునే మనలాంటివాళ్లకి కావలసింది ఈ రెండో జాతే.

ఉచితం కదా అని గింప్ వేసుకుని, రా ఫైలు తెరుచుకోవట్లేదని బెంగపడేవాళ్లు ఉంటారు. గింప్ తనంతట తాను రా తెరవదు. సిస్టమ్‌లో డార్క్‌టేబుల్ గానీ రాథెరపీ గానీ ఉంటే దాని చేత తెరిపించుకుంటుంది. అది లోపం కాదు, దాని పద్ధతే అంత.

హార్బర్ ఫైలు తెరుద్దాం

డార్క్‌టేబుల్‌తో మొదలుపెడదాం. ఉచితం, విండోస్‌లో, మ్యాక్‌లో, లినక్స్‌లో నడుస్తుంది. ఫొటో ఎంచుకుని కీబోర్డు మీద 'డి' నొక్కితే ఎడిటింగ్ గది తెరుచుకుంటుంది. రా ఫైలు పక్కనున్న జేపెగ్ కన్నా చప్పగా ఉందని నిరుత్సాహపడకండి. కాంట్రాస్టు, రంగు, పదును కెమెరాయే కలిపి వండిన బొమ్మ జేపెగ్. దాంట్లో ఒక్కో రంగుకి 256 మెట్లే. మీ కెమెరా 14 బిట్ల రా ఇస్తుంటే అవే 16,384. బోటు నీడలోంచి వివరం బయటికి లాగే అవకాశం ఆ మెట్లలోనే ఉంది.

ముందు ఎక్స్‌పోజర్ మాడ్యూల్‌లో బోట్లు కళ్లకి ఆనేదాకా పెంచండి. ఆకాశం తెల్లగా పాలిపోతుంది, పోనివ్వండి. తర్వాత సిగ్మాయిడ్ గానీ ఫిల్మిక్ గానీ ఏదో ఒకటి ఆన్ చేయండి. రెండూ ఒకేసారి వద్దు. ఎక్కువ వెలుగుని అవి మెల్లగా అణిచి తెరకి సరిపడేలా తెస్తాయి, మేఘాలు మళ్లీ కనిపిస్తాయి. ఇప్పుడు టోన్ ఈక్వలైజర్ తెరిచి, బోటు పక్క చెక్కల మీద మౌస్ పెట్టి చక్రం తిప్పండి. ఫొటోలో అంతే చీకటిగా ఉన్న చోట్లన్నీ కలిసి తేలతాయి, ఆకాశం కదలదు. ఇది మొదటిసారి చూసినప్పుడు కలిగే ఆనందమే వేరు.

ఆగండి, అక్కడే మురిసిపోకూడదు. ఫొటోని 100 శాతానికి పెంచి రెండు చోట్ల చూడండి. ఒకటి, బోటు కొయ్యస్తంభం, దాని తాళ్లు ఆకాశాన్ని తాకే అంచు. అక్కడ తెల్లటి గీతలా వెలుగు కమ్ముకుందా? అంటే మితిమీరి లాగారన్నమాట. రెండు, లేపిన నీడల్లో ఎర్రవీ పచ్చవీ చుక్కలు. ఆ చుక్కల్ని తగ్గించే 'డీనాయిజ్ ప్రొఫైల్డ్' అనే డార్క్‌టేబుల్ మాడ్యూల్‌కి ఒక్కో కెమెరా మోడల్‌కీ విడివిడిగా కొలిచిన లెక్కలుంటాయి. మీ కెమెరా ఆ జాబితాలో ఉందో లేదో ఇప్పుడే తేలిపోతుంది.

ఇదే ఫైలు లైట్‌రూమ్ ట్రయల్‌లో తెరవండి. హైలైట్స్ ఎడమకి, షాడోస్ కుడికి, ఆకాశాన్ని తనే గుర్తుపట్టి మార్పు అక్కడికే పరిమితం చేసే మాస్కు ఒకటి. నిమిషంలో అయిపోతుంది. ఫలితం డార్క్‌టేబుల్ కన్నా గొప్పగా ఉంటుందని కాదు, దారి దగ్గర. 2023లో దీంట్లోకి వచ్చిన ఏఐ డీనాయిజ్ నిజంగా బాగుంటుంది, కానీ దానికి మంచి గ్రాఫిక్స్ కార్డు ఉండాలి. లేకపోతే ఒక్క ఫొటోకే టీ తాగి రావచ్చు.

సూర్యబింబం చుట్టూ పూర్తిగా కాలిపోయిన తెలుపు మాత్రం ఎందులోనూ వెనక్కి రాదు. రాని వివరాన్ని తెప్పిస్తామనే ప్రకటనలు నమ్మకండి.

ఎర్రమట్టి పరీక్ష

రెండో ఫొటో భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బలది తీసుకోండి, సాయంత్రపు ఎండలోది. వెలుగుకి హార్బర్ ఎంతో, రంగుకి ఈ దిబ్బలంత. శాచురేషన్, అంటే రంగు గాఢత, కొంచెం పెంచి హిస్టోగ్రామ్ (చీకటి ఎడమకి, వెలుగు కుడికి చూపించే గ్రాఫు) చూడండి. పచ్చ, నీలం గీతలు మధ్యలోనే ఉంటాయి, ఎరుపు ఒక్కటే కుడి గోడకి గుద్దుకుంటుంది. ఆ క్షణంలో వాన కోసిన చారలు, ఇసుక రేణువుల గరుకు మాయమై దిబ్బ మొత్తం ఎర్ర పెయింటు పూసిన గోడలా తయారవుతుంది. మీరు చూడాల్సింది ఆ గోడ తగిలిన సంగతి సాఫ్ట్‌వేర్ మీకు ఎలా చెబుతుందనేది. లైట్‌రూమ్‌లో 'జె' నొక్కితే కాలిపోయిన చోట్లు రంగు మారి కనిపిస్తాయి. డార్క్‌టేబుల్‌లో కింద ఉండే హెచ్చరిక గుర్తుల్లో ఒకటి రా ఫైలులోనే కాలిపోయిన చోట్లని విడిగా చూపిస్తుంది. ఈ రెండోది నాకు ఎక్కువ ఇష్టం. తప్పు తీసేటప్పుడు జరిగిందా, దిద్దేటప్పుడు జరిగిందా అన్నది వెంటనే తెలిసిపోతుంది.

ఆర్కే బీచ్ నుంచి డాల్ఫిన్స్ నోస్ తీసినవాళ్లు మసక తొలగించే స్లైడరు కూడా పరీక్షించవచ్చు. మన సముద్రపు గాలి తేమకి అది ఎంత లాగినా సరిపోదనిపిస్తుంది. సగం దూరంలో ఆపేయండి.

ల్యాప్‌టాప్, డబ్బు, బయటపడే దారి

ఎనిమిది జీబీ ర్యామ్ ఉన్న ల్యాప్‌టాప్‌లో ఇవన్నీ నడుస్తాయి, విసుగొస్తుందంతే. దిద్దిన ఫొటోలు ఓ పది ఒకేసారి ఎక్స్‌పోర్ట్ పెట్టి గడియారం చూసుకోండి. ఆ సమయం మీరు ప్రతి ఆదివారం భరించగలరా అన్నదే లెక్క.

డబ్బు సంగతి. లైట్‌రూమ్‌ని ఒకేసారి కొనేసుకునే రోజులు 2015 నాటి ఆరో వెర్షన్‌తో పోయాయి. ఇప్పుడు చందాయే. చందా ఆపేస్తే క్లాసిక్ వెర్షన్‌లో ఫొటోలు చూసుకోవచ్చు, ఎక్స్‌పోర్ట్ చేసుకోవచ్చు, డెవలప్ విభాగం మాత్రం మూతపడుతుంది. అందులో కొత్తగా దిద్దడం కుదరదు. క్లౌడ్‌లో పెట్టుకుందామంటే ముందు లెక్క వేయండి: 24 మెగాపిక్సెల్ రా ఒక్కోటి సుమారు 25 ఎంబీ. అరకు వెళ్లి 400 తీస్తే 10 జీబీ. ఇంటి ఇంటర్నెట్‌లో అది పైకెక్కేసరికి వచ్చే ఆదివారం వచ్చేస్తుంది.

చాలామంది అడగని ప్రశ్న ఇంకొకటి ఉంది. రేపు వేరే సాఫ్ట్‌వేర్‌కి మారితే ఇన్నాళ్లు దిద్దినదంతా ఏమవుతుంది? చుక్కల రేటింగులు, కీవర్డులు చాలావరకు వెంట వస్తాయి. దిద్దుబాట్లు పూర్తిగా రావు. డార్క్‌టేబుల్ తన సూచనల్ని ఫొటో పక్కనే, ఫైలు పూర్తి పేరు చివర ఎక్స్‌ఎంపీ తగిలించిన చిన్న ఫైలుగా పెడుతుంది. లైట్‌రూమ్ క్లాసిక్ అన్నీ క్యాటలాగ్ అనే తన సొంత ఫైలులో దాచుకుంటుంది. పక్కన ఎక్స్‌ఎంపీ కూడా రాయాలంటే ఆ సెట్టింగు ఆన్‌లో ఉందో లేదో చూసుకోవాలి. ఫోల్డరు కాపీ చేసుకుని క్యాటలాగ్ వదిలేసినవాళ్లకి మిగిలేది దిద్దని ఫొటోలే. అందుకని దేంట్లో దిద్దినా, మీకు బాగా నచ్చినవి పూర్తి సైజు జేపెగ్‌గానో 16 బిట్ల టిఫ్‌గానో తీసి వేరే డిస్కులో పెట్టుకోండి.

అసలు పైసా పెట్టకముందు మీ కెమెరా కంపెనీ ఇచ్చేది చూడండి. కానన్‌కి డిజిటల్ ఫొటో ప్రొఫెషనల్, నికాన్‌కి ఎన్‌ఎక్స్ స్టూడియో, రెండూ ఉచితం. కెమెరా తెర మీద చూసిన రంగే రా లోంచీ రావాలనుకుంటే వీటిని మించినవి లేవు. ఫోన్‌తోనే తీసేవాళ్లకి స్నాప్‌సీడ్ చాలు, డీఎన్‌జీ అనే రా ఫైళ్లు కూడా తెరుస్తుంది. ఫొటోషాప్ లాంటిదే అయిన అఫినిటీ 2025 చివర్లో ఉచితమైంది. మొదటి జాతి పనులకి గింప్ చేయి తిరగనివాళ్లు దాన్ని చూడవచ్చు. ఎవరో పెన్‌డ్రైవ్‌లో ఇచ్చే క్రాక్ వెర్షన్ల గురించి ఈ పాఠాల్లో మాట్లాడను.

నా మాట అడిగితే: నెలకి ఒకటి రెండుసార్లు తీరిగ్గా కూర్చుని దిద్దేవాళ్లు డార్క్‌టేబుల్ పట్టుకోండి. మొదటి రెండు వారాలు తిట్టుకుంటారు, తర్వాత వదలరు. పెళ్లిళ్లు, పుట్టినరోజులు అంటూ బంధువుల ఫొటోలు వందలకొద్దీ మీద పడేవాళ్లకి లైట్‌రూమ్ చందా దండగ కాదు.

వచ్చే పాఠానికి పని: హార్బర్ ఫైలు ఒకటి, ఎర్రమట్టి దిబ్బల ఫైలు ఒకటి, మీరు ఎంచుకున్న రెండు సాఫ్ట్‌వేర్లలోనూ దిద్దండి. నాలుగు జేపెగ్‌లు అవుతాయి. పేర్లు కనపడకుండా ఇంట్లో ఎవరికైనా చూపించి ఏవి బాగున్నాయో అడగండి. ఒక్కోదానికి ఎంతసేపు పట్టిందో కాగితం మీద రాసుకోండి. ఐదో పాఠంలో వైట్ బ్యాలెన్స్ మొదలుపెడతాం, హార్బర్ ఫైలు మాత్రం తీసేయకండి.