‘ఇంకో ఐదు నిమిషాలు’ అంటే పిల్లలకు ఎంతసేపు? కేజీ క్లాసులో టైమ్ తంటాలు

సమస్య: ‘ఐదు నిమిషాల్లో ఆట ఆపేయాలి’ అని ముందే చెప్పినా, తీరా ఆపమనేసరికి ఏడుపు.

కారణం: నాలుగైదేళ్లకు నిమిషం కంటే గంట పెద్దదని తెలుస్తుంది. ఎంత పెద్దదో మాత్రం తెలియదు. పైగా ‘ఒక్క నిమిషం’ అని చెప్పి ఫోన్‌లో పావుగంట మాట్లాడేది మనమే. ఇక ఆ మాటకు విలువేం ఉంటుంది?

ఏం చేయాలి: నిమిషాల్లో కాకుండా పనుల్లో చెప్పండి. ‘ఇంకో రెండుసార్లు జారుడుబల్ల ఎక్కి, చేతులు కడుక్కుందాం.’ రెండంటే రెండే. మూడోసారికి ఒప్పుకున్నారంటే రేపటి నుంచి ఈ చిట్కా పనిచేయదు. బొమ్మలు సర్దేటప్పుడు రోజూ ఒకే పాట పెడితే, పాట అయ్యేలోపు సర్దాలని వాళ్లకే తెలుస్తుంది.

సమస్య: ‘వాడే ఎక్కువసేపు సైకిల్ తొక్కాడు!’ నిజానికి ఇద్దరికీ సమానంగానే ఇచ్చారు.

కారణం: ఇది పేచీ కాదు. చిన్నపిల్లలు దూరాన్నీ కాలాన్నీ కలిపేస్తారని స్విట్జర్లాండ్ మనస్తత్వవేత్త జాన్ పియాజే 1946లోనే రాశారు. ఇద్దరూ ఒకేసారి బయల్దేరి ఒకేసారి ఆగినా, ముందుకు వెళ్లినవాడే ఎక్కువసేపు వెళ్లాడని వాళ్ల లెక్క.

ఏం చేయాలి: వంతును చుట్లతో లెక్కపెట్టండి. తలా మూడు చుట్లు, గొడవ ఉండదు.

సమస్య: పొద్దుటి నుంచి ‘అమ్మ ఎప్పుడొస్తుంది?’

కారణం: ‘మూడింటికి’ అన్న జవాబు వాళ్లకు అందదు. గడియారం చూడటం బాగా రావడానికి చాలామందికి ఆరేడేళ్లు దాటాలి. అయినా ఆ ప్రశ్న చాలాసార్లు టైమ్ గురించి కాదు. ‘వస్తుంది కదా?’ అన్న బెంగ.

ఏం చేయాలి: ముందు ‘తప్పకుండా వస్తుంది’ అనండి. తర్వాత రోజంతా జరిగే పనులను బొమ్మలుగా గోడకు వరుసగా అంటించి, ఒక్కోటి అయ్యాక క్లిప్పును పక్క బొమ్మ మీదికి వాళ్లచేతే జరిపించండి: ఆట, భోజనం, నిద్ర, కథ, అమ్మ. పని పది నిమిషాలు అటూఇటూ అయినా ఫర్వాలేదు, వరుస మారకూడదు. మార్చక తప్పకపోతే పొద్దున్నే ఆ బొమ్మను అందరి ముందూ మార్చండి. తల్లిదండ్రులకూ ఒక మాట: ‘కథ అవగానే వస్తా’ అని చెప్పి ఆలస్యం చేస్తే ఆ బొమ్మల వరుస మీద నమ్మకం పోతుంది.

సమస్య: ‘నిన్న సముద్రం చూశాం’ అంటుంది ఓ పాప. వెళ్లింది పోయిన వేసవిలో.

కారణం: అబద్ధం కాదు. ఈ వయసులో అయిపోయిందంతా ‘నిన్న’, రాబోయేదంతా ‘రేపు’. (రెంటికీ ‘కల్’ అనే హిందీలో పెద్దవాళ్లకు అలా నడిచిపోతోందిగా!)

ఏం చేయాలి: తప్పు పట్టకుండా ‘అవును, ఎండాకాలం సెలవుల్లో వెళ్లారు కదా’ అని అందించండి.

సమస్య: వరుసలో నిలబడమంటే తోపులాట.

ఏం చేయాలి: ఇక్కడ తప్పు పిల్లలది కాదు, అంతసేపు ఆగాల్సిన పొడవాటి వరుసది. ఐదారుగురిని చొప్పున పంపండి, మిగతావాళ్లతో పొడుపుకథలు విప్పించండి.