పాటల యాప్‌కి డబ్బు కట్టాలా, వద్దా? ఇలా తేల్చుకోండి

పాటల యాప్‌కి నెల నెలా డబ్బు కట్టేవాళ్లు చాలామంది పాటల కోసం కడుతున్నామనుకుంటారు. పాటలు ఎలాగూ ఉచితంగానే దొరుకుతున్నాయి. మనం కట్టేది మూడింటికి: మధ్యలో ప్రకటనలు రాకుండా ఉండటానికి, సిగ్నల్ లేనిచోట వినడానికి, అడిగిన పాట అడిగిన వరసలో రావడానికి. ఈ మూడూ మీకు అక్కర్లేదంటే ఎంత చవకైనా దండగే. అక్కరుంటే నెలకు నూట పాతికో నూట యాభయ్యో పెద్ద లెక్కేం కాదు.

ఇంతవరకు అందరికీ తెలుసు. తేల్చుకునే దగ్గరే తేడా కొడుతుంది. ‘మూడు నెలలు ఉచితం’ అని కనపడగానే నొక్కేస్తారు, సోఫాలో కూర్చుని నాలుగు పాటలు విని ‘బాగుంది’ అంటారు. తర్వాత ఏడాది పొడుగునా అకౌంట్లోంచి డబ్బు పోతూనే ఉంటుంది. మా చుట్టాల్లో, ఆఫీసులో ఎవరికి ఈ అనుమానం వచ్చినా నన్నే అడుగుతారు. చెప్పి చెప్పి విసుగొచ్చి, పద్ధతంతా ఒకచోట రాసి పెడుతున్నాను.

కావలసినవి

ఫోను, మీరు రోజూ వాడే ఇయర్‌ఫోన్స్ లేదా స్పీకర్, కాగితం, పెన్ను, ఓ పది రోజుల ఓపిక. ఫోన్లో నోట్స్ యాప్ వద్దు, కాగితమే. ఒకే ఫోన్లో అటు రాస్తూ ఇటు వెతుకుతూ జాబితా పూర్తి చేసినవాళ్లను నేను చూడలేదు.

1. ఎక్కడ, ఎంతసేపు వింటున్నారో రాయండి

ఒక వారం చాలు. వంటింట్లో అరగంట, బస్సులో గంట, రాత్రి పడుకునే ముందు పావుగంట, అలా. ఇంట్లో వైఫై దగ్గర వినేది ఒక వరసలో, బయట వినేది ఇంకో వరసలో రాయండి.

ఇప్పుడు భాగహారం. నెలకు 119 రూపాయలు అనుకుంటే ఏడాదికి 1428. నెలకు ఇరవై గంటలు వినేవాళ్లకు గంటకు ఆరు రూపాయలు పడుతుంది. మూడు గంటలే వినేవాళ్లకు గంటకు దాదాపు నలభై. నెలకు పది గంటలు దాటకపోతే ఇక్కడే ఆగిపోండి, మిగతాది చదవక్కర్లేదు. ప్రకటనలు భరించడమే మీకు లాభం.

ఒక్క మినహాయింపు ఉంది. తెల్లవారుజామున సుప్రభాతం పెట్టుకునే పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే గంటల లెక్క పనికిరాదు. అరగంట వీడియో సగంలో ఆగి, లోన్ యాప్ ప్రకటన గట్టిగా మొదలై, చేతికి పసుపో పిండో అంటుకున్న మనిషి ‘స్కిప్’ నొక్కలేక మోచేత్తో ఫోన్ పొడవడం చూస్తే డబ్బు ఎందుకు కట్టాలో తెలుస్తుంది.

2. ఇప్పటికే కడుతున్నారేమో చూసుకోండి

యూట్యూబ్ ప్రీమియం ఉన్నవాళ్లకు యూట్యూబ్ మ్యూజిక్ ప్రీమియం అందులోనే కలిసి వస్తుంది. అది తెలియక ఇంకో పాటల యాప్‌కి కూడా కట్టేవాళ్లు ఉన్నారు. మీ మొబైల్ రీచార్జ్‌తో, బ్రాడ్‌బ్యాండ్‌తో ఏదైనా పాటల యాప్ వస్తోందేమో చూడండి. ఒక మనిషికి ఒక్క యాప్, అంతకుమించి వద్దు.

3. ముప్పై పాటల పరీక్ష

అసలు పని ఇదే. ఇక్కడే అందరూ పాడు చేస్తారు, కాబట్టి నెమ్మదిగా చదవండి.

మీరు నిజంగా వినే పాటలు ముప్పై రాయాలి. పది చాలదు. ఈ ఏడాది హిట్లు పది ఏ యాప్‌లో అయినా ఉంటాయి, దానివల్ల ఏమీ తేలదు. యాభై అంటే ఎవరూ పూర్తి చేయరు.

‘నిజంగా వినే’ అన్నమాట మీదే అంతా ఆధారపడి ఉంది. గుర్తు తెచ్చుకుని రాయమంటే మనిషి తన గౌరవానికి తగ్గ పాటలు రాస్తాడు. త్యాగరాజ కీర్తనలు నాలుగు, అన్నమయ్యవి మూడు, ఘంటసాలవి ఓ పది. అదే మనిషి యూట్యూబ్ హిస్టరీ తెరిస్తే తెలంగాణ జానపదాలు, పెళ్లి బరాత్ పాటలు, ఒకే డ్యూయెట్ వారంలో తొమ్మిదిసార్లు. అందుకే జాబితా జ్ఞాపకంలోంచి కాదు, హిస్టరీలోంచి తీయండి. కిందటి నెల వెనక్కి వెళ్లి, రెండోసారి విన్న ప్రతి పాటా రాయండి. ఒక్కసారే విన్నది రాయొద్దు.

క్యాసెట్ల రోజుల్లో రికార్డింగ్ షాపుకి ఖాళీ క్యాసెట్, పాటల చీటీ పట్టుకెళ్లినవాళ్లకు ఈ పని కొత్త కాదు. అరవై నిమిషాల క్యాసెట్లో పట్టేవే పన్నెండు పదమూడు పాటలు. గొప్ప కోసం ఒక్క పాట రాసినా ఇష్టమైన పాట ఒకటి తగ్గిపోయేది. ఆ చీటీ రాసినంత నిజాయితీగా ఇదీ రాయాలి. ఇంట్లో ముగ్గురికీ కలిపి ఆలోచిస్తుంటే మూడు చీటీలు వేరు వేరుగా రాయండి. అమ్మ పాటలు, కొడుకు పాటలు ఒకే కాగితం మీద కలిపితే లెక్క ఎవరిదీ కాకుండా పోతుంది.

ఇక వెతకడం. చాలా యాప్‌లలో ఉచిత అకౌంట్‌తోనే ఇదంతా చేయొచ్చు, డబ్బు కట్టక్కర్లేదు. పాట పల్లవి ముందు తెలుగు లిపిలో కొట్టండి, దొరక్కపోతే ఇంగ్లీషు అక్షరాల్లో. ఒక స్పెల్లింగ్‌తో రాలేదని వదిలేయకండి. ఒకే పాట ఒకచోట ‘nee’తో, ఇంకోచోట ‘ni’తో మొదలవుతుంది. సినిమా పేరుతో వెతికితే మాత్రం కళ్లు తెరుచుకుని చూడాలి. ‘దేవదాసు’ అని కొడితే మీకు కావలసింది 1953 నాటిదా, 2006లో వచ్చినదా అన్నది యాప్‌కి తెలియదు.

పేరు కనపడింది కదా అని టిక్ పెట్టేయకండి. నొక్కి, కనీసం మొదటి చరణం దాకా వినండి. ఎందుకంటే పాత పాటల విషయంలో పేరు ఒకటి, వినపడేది ఇంకొకటి. బొమ్మ మీద అసలు గాయకుడి ఫొటో ఉంటుంది, పాడేది వేరే ఎవరో. లేదా కీబోర్డు మీద వాయించింది, కరావోకే, వేగం తగ్గించి వాన చప్పుడు కలిపిన లోఫై. డబ్బింగ్ సినిమా అయితే పేరు తెలుగు, పాట తమిళం. ఇంకొన్ని పాటలు జాబితాలో ఉంటాయి కానీ అక్షరాలు వెలిసిపోయినట్టు బూడిద రంగులో ఉంటాయి, నొక్కితే మోగవు. యాభై, అరవైల నాటి పాటలకు ఇంకో చిక్కు: గ్రామఫోన్ రికార్డు ఒక వైపు మూడు, మూడున్నర నిమిషాలకు మించి పట్టేది కాదు. అందుకని కొన్ని పాటలు రికార్డులో సినిమాలో కన్నా పొట్టిగా ఉంటాయి, యాప్‌లోకి వచ్చింది రికార్డే. మీరు సినిమా చూసి ఇష్టపడిన చరణం అందులో ఉందో లేదో వింటేనే తెలుస్తుంది.

అసలు గొంతుతో, పూర్తిగా మోగితే టిక్. ఇంకేదైనా సున్నా. ‘పర్లేదు, దగ్గరగానే ఉంది’ అని అర మార్కులు వేయొద్దు. అర మార్కులు వేసిన ప్రతివాళ్లూ చివరికి డబ్బు కట్టారు, పాట వినడానికి మళ్లీ యూట్యూబ్‌కే వెళ్లారు.

సున్నాలు ఎందుకు వచ్చాయో కూడా చూడండి. పాటలు యాప్‌వాళ్ల సొంతం కాదు. ఆదిత్య, లహరి, సరిగమ, సోనీ, మ్యాంగో లాంటి కంపెనీల దగ్గర్నుంచి హక్కులు తీసుకుని వినిపిస్తారు. ఒప్పందం తెగితే పాటలు పోతాయి. 2023 మార్చిలో జీ మ్యూజిక్ కంపెనీతో ఒప్పందం కుదరక స్పాటిఫై యాప్‌లో పెద్ద పెద్ద హిందీ హిట్లే మాయమయ్యాయి, కట్టినవాళ్లకూ కట్టనివాళ్లకూ. మీ సున్నాలన్నీ ఒకే కంపెనీ పాటలైతే కారణం అదే కావచ్చు. రేపో మాపో వస్తాయని ఆశపడి ఇవాళ డబ్బు కట్టొద్దు. వచ్చాక కట్టొచ్చు.

సున్నాలు ఇంకోరకంగా కూడా వస్తాయి. నాటక పద్యాలు, హరికథలు, బుర్రకథలు, ఆకాశవాణిలో వచ్చిన లలితగీతాలు, రికార్డుకెక్కని పాత సినిమా పద్యాలు. వీటిలో చాలావరకు ఎవరో ఓపికగా క్యాసెట్లోంచి, రేడియోలోంచి తీసి యూట్యూబ్‌లో పెట్టినవే. కొత్త జానపదాలు కూడా ముందు యూట్యూబ్ ఛానళ్లలోనే వస్తాయి. మీ ముప్పైలో ఇలాంటివి పది దాటితే ఏ పాటల యాప్ జోలికీ వెళ్లకండి. కట్టాలనిపిస్తే యూట్యూబ్ ప్రీమియం కట్టండి, ప్రకటనలు పోతాయి, స్క్రీన్ ఆపేసినా పాట ఆగదు.

మార్కులు: ముప్పైకి ఇరవై అయిదు దాటితే తర్వాతి మెట్టుకి వెళ్లండి. ఇరవై నుంచి ఇరవై అయిదు మధ్య ఉంటే ఇంకో యాప్‌లో అదే కాగితంతో మళ్లీ వెతకండి. ఇరవై లోపు అయితే ఆ యాప్ మీది కాదు. కొత్త పాటలు పరిచయం చేస్తుందట కదా అంటారు కొందరు. నిజమే, చేస్తుంది. అది ఉచితంగా కూడా చేస్తుంది.

4. ట్రయల్ బయట వాడండి

ఉచిత ట్రయల్ తీసుకునేది ఇప్పుడు, ముందు కాదు. ఇంట్లో వైఫై మీద విని లాభం లేదు. టిక్ పడిన పాటలన్నీ డౌన్‌లోడ్ చేసి, ఫోన్‌ని ఫ్లైట్ మోడ్‌లో పెట్టి బస్సెక్కండి. శ్రీశైలం దారిలో నల్లమలలో, అరకు రైలు సొరంగాల్లో పాట ఆగకుండా వస్తే కట్టిన డబ్బుకి పనైనట్టు. మీ రోజువారీ దారిలో సిగ్నల్ ఎక్కడా పోదంటే డౌన్‌లోడ్ కోసం కట్టడం వృథా. డేటా కూడా భయపడేంత కాదు: 320 కేబీపీఎస్ (సెకనుకు 320 కిలోబిట్లు) నాణ్యతలో గంట పాటలకు దాదాపు 144 ఎంబీ. రోజుకు ఒకటిన్నర జీబీ ప్యాక్ ఉన్నవాళ్లకు అది పదో వంతు.

డౌన్‌లోడ్ అంటే పాట మీదైపోయిందని కాదు. ఆ ఫైలు యాప్‌లోనే తాళం వేసి ఉంటుంది, డబ్బు కట్టడం మానేస్తే మోగదు. స్పాటిఫైలో అయితే కనీసం 30 రోజులకోసారి నెట్‌కి కనెక్ట్ చేయకపోయినా మోగదు.

‘లాస్‌లెస్’, ‘హై రెజల్యూషన్’ అని, అంటే పాట నాణ్యత ఏమీ తగ్గించకుండా ఇస్తామని, కొన్ని యాప్‌లు ఎక్కువ ధర ప్లాన్ చూపిస్తాయి. బ్లూటూత్ ఇయర్‌బడ్స్ వాడేవాళ్లు అటు చూడనే వద్దు. సీడీ నాణ్యత సెకనుకు 1411 కిలోబిట్లు. మామూలు బ్లూటూత్‌లో పాటను కుదించి పంపడానికి వాడే ఎస్‌బీసీ పద్ధతి మోయగలిగేది దాదాపు 328. మిగతాది దారిలోనే పోతుంది. వైరు ఇయర్‌ఫోన్సే సరైనవని నా నమ్మకం, కానీ ఇప్పుడు చాలా ఫోన్లకు ఆ రంధ్రమే లేదు.

5. కట్టేటప్పుడు

మొదటిసారి నెల ప్లానే. ఏడాదికి కడితే చవక అంటారు కానీ ఈ వ్యాపారంలో ఏడాది చాలా పొడుగు. 2022లో గానా యాప్ ఉచితంగా వినిపించడం ఆపేసింది. 2024లో రెస్సో, వింక్ అనే పాటల యాప్‌లు రెండూ మన దేశంలో మూతపడ్డాయి, వాటితోపాటే జనం ఏళ్ల తరబడి పేర్చుకున్న ప్లేలిస్టులూ.

ఫ్యామిలీ ప్లాన్‌లో యాపిల్ మ్యూజిక్ ఆరుగురి దాకా ఇస్తుంది. తలసరి లెక్కేస్తే అదే చవక. అయితే కొన్ని యాప్‌ల నియమం ప్రకారం అందరూ ఒకే ఇంట్లో ఉండాలి. గుంటూరులో అమ్మానాన్న, బెంగళూరులో కొడుకు అయితే ఆ నియమం ఒప్పుకోదు. ఉచితంగా ప్రీమియం ఇస్తామనే మాడ్ యాప్‌ల (అసలు యాప్‌ని ఎవరో మార్చి నెట్‌లో పెట్టినవి) గురించి అడగొద్దు. బ్యాంకు యాప్‌లు ఉన్న ఫోన్లో అవి వేసుకునేవాళ్లకు నేను చెప్పేదేమీ లేదు.

ట్రయల్‌కి ఒప్పుకున్న రోజే మామూలుగా యూపీఐ ఆటోపే మ్యాండేట్, అంటే నెల నెలా డబ్బు దానంతటదే తీసుకునే అనుమతి, పెట్టించుకుంటారు. యాప్ ఫోన్లోంచి తీసేస్తే అది ఆగదు. ప్లే స్టోర్ ద్వారా తీసుకుంటే ప్లే స్టోర్‌లో సబ్‌స్క్రిప్షన్ల దగ్గర, వెబ్‌సైట్‌లో తీసుకుంటే వెబ్‌సైట్‌లో రద్దు చేయాలి. ఆ తర్వాత మీ యూపీఐ యాప్‌లో ఆటోపే జాబితా తెరిచి, మ్యాండేట్ పోయిందో లేదో కళ్లారా చూసుకోవాలి. రిజర్వ్ బ్యాంక్ నిబంధన ప్రకారం డబ్బు కోసే ముందు 24 గంటల ముందుగా మెసేజ్ రావాలి. వస్తుంది కూడా, కానీ ఆఫర్ల మెసేజ్‌ల గుంపులో పడి కనపడదు. గడువుకి రెండు రోజుల ముందు అలారం పెట్టుకోండి. కొన్నిటిలో రద్దు నొక్కిన క్షణమే ట్రయల్ ఆగిపోతుంది, కొన్నిటిలో చివరి రోజు దాకా నడుస్తుంది. ఏది ఎలాగో నొక్కేముందు స్క్రీన్ మీదే రాసి ఉంటుంది, చదవండి.

ఉచిత అకౌంట్ ఇచ్చే యాప్‌లో రద్దు చేసినా ఆ అకౌంట్, అందులో మీ ప్లేలిస్టులు మామూలుగా అలాగే ఉంటాయి. కాబట్టి ఎప్పుడూ కట్టాలనే రూలేం లేదు. వేసవిలో ప్రయాణాలున్న నెల కట్టి, ఊరు చేరాక రద్దు చేసుకోండి. ముప్పై పాటల కాగితం మాత్రం పారేయకండి, వచ్చే ఏడాది ధర పెంచినప్పుడు మళ్లీ అదే పట్టుకుని టిక్కులు లెక్కపెట్టాలి.