నురగ చూసి నమ్మకండి: వానలకు ముందు పెరాక్సైడ్ సీసా గురించి నాలుగు మాటలు

చెన్నైలో దీపావళి మందులు కాల్చడం అయ్యేసరికి వానలు దిగుతాయి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల కాలం. వేళచ్చేరిలో మాలాంటి పల్లపు వీధుల వాళ్లకి మోకాలి లోతు నీళ్లలో నడవడం కొత్తేం కాదు. ఆ నల్లటి నీళ్ల కింద పగిలిన గాజు ఎక్కడుందో, ఊడిన మ్యాన్‌హోల్ మూత ఎక్కడుందో కనపడదు. అందుకే మందుల డబ్బా ముందే సర్దుకుంటాం, అందులో అలవాటుగా గాయాల మీద పోసే హైడ్రోజన్ పెరాక్సైడ్ సీసా కూడా ఒకటి పడేస్తాం. నా గోలంతా ఆ సీసా గురించే.

2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది, దాటేలోపు మమ్మల్ని ముంచి పోయింది. ఇంట్లోకొచ్చిన నీళ్లు ఎత్తిపోస్తుంటే నా మడమ పక్కన రేకు కోసుకుంది. పెద్ద గాయమేం కాదు. అమ్మ సీసా తెచ్చి నీళ్లు కలపకుండానే పోసింది. బుసబుసమని తెల్లటి నురగ! "చూశావా నాన్నా, క్రిములన్నీ ఎలా చస్తున్నాయో" అంది. ఆ నురగ చూస్తే మా ఇద్దరికీ ఎంత తృప్తో, వారం రోజులపాటు రెండు పూటలా పోశాం. గాయం అంచులు పాలిపోయి తెల్లబడ్డాయి, పక్కు కట్టదు. చివరికి డాక్టరు దగ్గరికి వెళితే ఆయన చేసిన వైద్యం ఒక్కటే, ఆ పొయ్యడం ఆపించారు. తర్వాత అదే మానింది.

నురగ మీద మీకూ మా అమ్మకున్నంత నమ్మకం ఉంటే, ఓ బంగాళాదుంప కోసి దాని మీద రెండు చుక్కలు వేసి చూడండి. అక్కడా పొంగుతుంది. దుంపకేం చీము పట్టలేదు కదా! మన రక్తంలోనూ కండలోనూ, ఆ దుంపలోనూ కాటలేజ్ అనే ఎంజైము ఉంటుంది. అది తగలగానే పెరాక్సైడ్ నీళ్లుగా, ఆక్సిజన్‌గా విడిపోతుంది. ఆ ఆక్సిజన్ బుడగలే మనం చూసే నురగ. ఈ మందు క్రిముల్ని చంపుతుంది, కాదనను. కానీ గాయాన్ని పూడ్చడానికి కొత్తగా పుట్టే కణాల్ని కూడా వదలదు. అందుకే రోజూ పోస్తే గాయం మానడం ఆలస్యమవుతుంది.

కాబట్టి కాలు తెగితే ముందు సబ్బు, ధారగా నీళ్లు. మట్టి పోయేదాకా కడగాలి. వరదలో సంపులోకి మురుగు నీళ్లు చేరితే కుళాయి నీళ్లనీ నమ్మలేం, అందుకని వానలకు ముందే ఒక వాటర్ క్యాన్ విడిగా పక్కన పెట్టండి. తర్వాత పొవిడోన్ అయోడిన్ అనే క్రిమినాశక మందు పూసి, గుడ్డ కట్టి, తడి తగలకుండా చూసుకుంటే చిన్న గాయానికి చాలు. ఎండిన రక్తం, మట్టి పెచ్చుకట్టి వదలకపోతే పెరాక్సైడ్ ఒక్కసారి వాడి, వెంటనే నీళ్లతో కడిగెయ్యండి. రెండో రోజు దాని జోలికి వెళ్లొద్దు.

వాడే ముందు సీసా మీద లేబుల్ చదవండి. ఇక్కడి మందుల షాపుల్లో ఎక్కువగా దొరికేది 6 శాతంది, '20 వాల్యూమ్స్' అని రాసి ఉంటుంది. అంటే ఒక మిల్లీలీటరు విడిపోతే దాదాపు 20 మిల్లీలీటర్ల ఆక్సిజన్ వస్తుందన్న మాట. చర్మానికి 3 శాతం దాటకూడదు. కాచి చల్లార్చిన నీళ్లు సమానంగా కలిపితే సరిగ్గా సరిపోతుంది. ఎంత కావాలో అంతే కలుపుకోండి, మిగిలింది సీసాలోకి తిరిగి పొయ్యకండి. 30, 35 శాతం ఉండే ఘాటు సరుకు ఇంట్లోకే రానివ్వద్దు, చర్మం కాలిపోతుంది.

మేకు దిగిన లోతైన గాయంలోకి పెరాక్సైడ్‌ని సిరంజితో ఎక్కించడం నేను కళ్లారా చూశాను. చాలా ప్రమాదం. బయటికి దారిలేని చోట పుట్టిన గ్యాసు కండలోకి, రక్తంలోకి పోవచ్చు. లోతు గాయాలకి, దీపావళి కాలిన గాయాలకి, షుగరు ఉన్నవాళ్ల కాలి పుండ్లకి ఇంట్లో ఇది వాడొద్దు, డాక్టరుకి చూపించండి. మురుగులో తెగితే ధనుర్వాతం ఇంజెక్షన్ చివరిసారి ఎప్పుడు వేయించుకున్నారో గుర్తు తెచ్చుకోండి. అయిదేళ్లు దాటితే మళ్లీ వేయించుకోవాల్సి రావచ్చు. కుక్క కరిస్తే నురగ సంగతి మర్చిపోయి 15 నిమిషాలు సబ్బు నీళ్లతో కడిగి, ఆ రోజే రేబిస్ టీకాకి వెళ్లండి. నీళ్లలో నడిచిన కొన్నాళ్లకి జ్వరమొస్తే, నడిచిన విషయం డాక్టరుకి తప్పకుండా చెప్పండి. ఎలుక మూత్రం కలిసిన నీళ్ల వల్ల వచ్చే ఎలుక జ్వరం అనుమానం ఆయనకి రావాలంటే ఆ ఒక్క ముక్కే కీలకం.

వరద దిగాక గచ్చు కడిగేటప్పుడు ఇంకో పొరపాటు జరుగుతుంది. బ్లీచింగ్ పౌడరు చల్లిన చోట పెరాక్సైడ్ పొయ్యకండి. పెరాక్సైడ్‌ని వెనిగర్‌తోనూ కలపకండి, కళ్లనీ ఊపిరినీ మండించే ఘాటు ఆమ్లం తయారవుతుంది.

కరెంటు పోయిన రాత్రుల్లో భయం వేరు. రంగు లేని ద్రవం, కొవ్వొత్తి వెలుగు, దాహంతో ఉన్న పిల్లాడు. అందుకే దీన్ని ఎన్నడూ నీళ్ల సీసాలోకి మార్చకండి. ఎవరైనా తాగితే వాంతి చేయించే ప్రయత్నం చెయ్యొద్దు, 108కి ఫోన్ చేసి లేబుల్ చదివి చెప్పండి. కంట్లో పడితే కనీసం 15 నిమిషాలు నీళ్లతో కడిగి ఆసుపత్రికి వెళ్లండి.

వెలుతురు, వేడి తగిలితే మందు విరిగిపోతుంది. ముదురు రంగు సీసాలోనే ఉంచి, వంటింట్లో స్టవ్ పక్కన కాకుండా చల్లని అలమారాలో, పిల్లలకి అందని అరలో పెట్టండి. నిరుటి సీసా ఉంటే దాన్నీ దుంప ముక్క మీదే పరీక్షించండి. నురగ సరిగా రాకపోతే నీళ్లు ధారగా వదులుతూ సింకులో పారబోసి, ఖాళీ సీసా కడిగి చెత్తలో వెయ్యండి.