నేషనల్ ఎఫ్‌ఎఫ్‌ఏ కన్వెన్షన్ పోటీలకు పల్లె విద్యార్థులు సిద్ధమయ్యే విధానం

అమెరికాలో వ్యవసాయ విద్య చదివే బడిపిల్లల సంస్థ అయిన ఎఫ్‌ఎఫ్‌ఏ 1928లో కాన్సస్ సిటీలో ఆరంభమైంది. ఆనాటి తొలి జాతీయ సమావేశానికి 18 రాష్ట్రాల నుంచి 33 మంది విద్యార్థులు వచ్చారు. నేడు ప్రతి శరదృతువులో ఇండియానాపోలిస్‌లో జరిగే సమావేశానికి పదుల వేల మంది తరలివస్తారు. పశువుల ఎంపిక, పాడి పశువుల పరిశీలన, కోళ్ల నాణ్యత, ఉపన్యాసం, సభా నిర్వహణ వంటి అనేక పోటీలు అక్కడ జరుగుతాయి. పల్లెలో పుట్టి, తెల్లవారకముందే దొడ్డిలో పని చేసి బడికి వెళ్లే విద్యార్థికి ఈ పోటీలలో ఒక బలమూ ఉంది, ఒక లోటూ ఉంది. మంచి పశువేదో అతని కన్నుకు తెలుసు. అది ఎందుకు మంచిదో ముక్కుమొహం తెలియని న్యాయనిర్ణేత ఎదుట నిలబడి చెప్పడం మాత్రం అతనికి ఎవరూ నేర్పి ఉండరు. సాధనలో ఎక్కువ భాగం ఈ లోటును పూడ్చడానికే వెచ్చించాలి.

ముందుగా పోటీని ఎంచుకోవడంలో తొందరపడకూడదు. జాతీయ స్థాయిలో ఒక విద్యార్థి ఒక సంవత్సరంలో ఒకే పోటీలో పాల్గొనగలడు. ఒకసారి పాల్గొన్న పోటీలో మళ్లీ ఎన్నడూ పాల్గొనలేడు. అందువల్ల తొమ్మిదో తరగతి పిల్లవాడిలో ప్రతిభ ఉన్నంత మాత్రాన అతన్ని వెంటనే పశువుల ఎంపిక జట్టులో చేర్చడం నా దృష్టిలో సరైన నిర్ణయం కాదు. ఆ వయసు వారి కోసమే క్రీడ్ పఠనం అనే పోటీ ఉంది. ఇ. ఎం. టిఫనీ రాయగా 1930లో సంస్థ స్వీకరించిన అయిదు పేరాల విశ్వాస ప్రకటనను కంఠస్థం చేసి సభలో చెప్పి, ఆ తరువాత దాని భావంపై అడిగే ప్రశ్నలకు సమాధానం ఇవ్వడం ఆ పోటీ స్వరూపం. కంఠస్థం చేయడం కొన్ని వారాల పని. సమాధానాలు తన జీవితంలోంచి రావాలి కాబట్టి, ప్రతి పేరాకూ తన ఇంటి పొలంలో జరిగిన ఒక సంఘటనను జతచేసుకొని, దాన్ని నాలుగు వాక్యాలలో చెప్పడం విద్యార్థి అలవరచుకోవాలి.

పశువుల ఎంపికలో ఒక్కో వర్గానికి నాలుగు పశువులను నిలబెడతారు. వాటిని ఉత్తమం నుంచి అధమం దాకా వరుసలో పెట్టాలి. నాలుగింటిని 24 విధాలుగా వరుస పెట్టవచ్చు. అధికారుల వరుసతో పూర్తిగా కలిస్తే 50 మార్కులు వస్తాయి. కలవనప్పుడు ఎన్ని మార్కులు తగ్గుతాయో పక్కపక్కన ఉన్న జతల మధ్య తేడాను బట్టి ముందే నిర్ణయిస్తారు. ఉదాహరణకు అధికారుల వరుస 3-1-4-2 అనీ, మొదటి జతకు 3, నడిమి జతకు 5, చివరి జతకు 2 తగ్గింపులు అనీ అనుకుందాం. మొదటి రెంటిని తారుమారు చేసిన విద్యార్థికి 47 మార్కులు, నడిమి రెంటిని తారుమారు చేసినవాడికి 45 మార్కులు వస్తాయి. వరుసనంతా తిరగేసినవాడికి మిగిలేవి 15 మాత్రమే. ఈ లెక్కను విద్యార్థి చేత స్వయంగా కాగితం మీద చేయించాలి. తేడా స్పష్టంగా ఉన్న జత దగ్గర పొరబడితేనే భారీ నష్టమనీ, దాదాపు సమానంగా ఉన్న జత దగ్గర గంటల తరబడి తర్జనభర్జన పడనవసరం లేదనీ అప్పుడు అతనికే బోధపడుతుంది.

చూసే క్రమం కూడా నేర్పవలసినదే. ఇంటి దగ్గర పశువును తాకుతూ, దానికి ఆనుకొని నిలబడి చూసే అలవాటున్న పిల్లలు పోటీలోనూ దగ్గరికే నడుస్తారు. మొదట పది పన్నెండు అడుగులు వెనక్కి జరిగి నాలుగింటినీ ఒకే చూపులో చూడాలి. అన్నిటికంటే మేలైనది, అన్నిటికంటే నాసిరకమైనది ఆ చూపులోనే తరచుగా తేలిపోతాయి. ఆ తరువాత పక్కనుంచి, వెనకనుంచి, ముందునుంచి చూసి, నడిపించినప్పుడు అడుగు ఎక్కడ పడుతోందో గమనించాలి. సంతానం కోసం పెంచే పెయ్యలో కాళ్ల పటుత్వానికి ఎక్కువ విలువ ఇవ్వాలి. మాంసం కోసం పెంచే పశువులో కండపట్టుకూ, కొవ్వు ఎంత మేరకు పట్టిందనే దానికీ ఎక్కువ విలువ ఉంటుంది.

అసలైన కష్టం కారణాలు చెప్పడంలో ఉంది. వరుస పెట్టిన కొన్ని వర్గాలకు, ఆ వరుస ఎందుకో రెండు నిమిషాలలోపు న్యాయనిర్ణేతకు నోటితో వివరించాలి. ఇక్కడ "మూడో పెయ్య చాలా బాగుంది" అనే వాక్యానికి విలువ లేదు. "మూడో పెయ్య ఒకటోదానికంటే వెడల్పైన ఛాతీతో, పొడవైన అంగతో, వెనక కాళ్లను సూటిగా వేస్తూ నడిచింది" అన్నప్పుడు ఆ విద్యార్థి నిజంగా చూశాడని న్యాయనిర్ణేత నమ్ముతాడు. మొదటి జత, నడిమి జత, చివరి జత అనే క్రమంలో పోలికలు చెప్పాలి. ప్రతి జతలోనూ ఓడిన పశువుకున్న మంచి గుణాన్ని ఒప్పుకోవాలి. మూడోదాన్ని పైన పెట్టినా ఒకటోదాని నడుము బలంగా ఉందని నిజాయితీగా చెప్పగలిగినవాడి మాటకు బరువు పెరుగుతుంది. ఈ ఒప్పుకోలును పిల్లలు బలహీనతగా భావించి వదిలేస్తుంటారు. ఉపాధ్యాయులు దీనిపై ప్రత్యేకంగా పట్టుబట్టాలి.

కారణాలను రాసి బట్టీ పట్టిస్తే మాటలు వస్తాయి గాని పశువు కళ్లముందు నిలవదు. అందుకు బదులు, చెప్పేటప్పుడు కళ్లు మూసుకొని ఆ నాలుగింటినీ మనసులో మళ్లీ నిలబెట్టుకోమనాలి. వారానికి మూడు వర్గాలకు మించకుండా, ప్రతిసారీ కొత్త శ్రోత ఎదుట చెప్పించడం మంచిది. అమ్మానాన్నలు, బడిలో ఇంగ్లీషు చెప్పేవారు, పక్క పొలం రైతు ఎవరైనా వినవచ్చు. పశువుల గురించి తెలియని శ్రోత ఎంతో ఉపయోగపడతాడు. ఎక్కడ అర్థం కాలేదో మొహమాటం లేకుండా అడిగేది అతనే.

ఉపన్యాస పోటీలో కాలపరిమితే మొదటి పరీక్ష. ముందుగా సిద్ధం చేసుకున్న ఉపన్యాసం ఆరు నుంచి ఎనిమిది నిమిషాలు ఉండాలి. ఆశువుగా చెప్పే పోటీలో 30 నిమిషాలు సిద్ధపడి, నాలుగు నుంచి ఆరు నిమిషాలు మాట్లాడాలి. రెండింటిలోనూ ఆపై ప్రశ్నలు ఉంటాయి. చాలామంది ఉపన్యాసానికి నెలలు వెచ్చించి, ప్రశ్నలకు ఒక సాయంత్రమైనా కేటాయించరు. సాధన కాలాన్ని రెంటికీ సమానంగా పంచాలని నా సూచన.

రాష్ట్ర పోటీలో గెలిచిన తరువాత జాతీయ పోటీకి సాధారణంగా కొన్ని నెలల వ్యవధి ఉంటుంది. ఆ లోపు పెద్ద తరగతి విద్యార్థులు బడి ముగించుకొని కళాశాలలకు వెళ్లిపోతే జట్టు చెదురుతుంది. సాధన రోజులను వేసవికి ముందే నిర్ణయించుకొని, కౌంటీ (జిల్లా వంటి ప్రాంతం) సంతలలోనూ పొరుగు పశుశాలలలోనూ తమకు పరిచయం లేని జాతుల పశువులను చూసి రావాలి. ఇంటి మంద ఒక్కటే చూసిన కన్ను అన్నిటినీ ఆ మందతోనే పోల్చుకుంటుంది. సంస్థ తన అధికారిక దుస్తులుగా 1933లో స్వీకరించిన నీలిరంగు కార్డురాయ్ (చారల మందపాటి నూలుబట్ట) కోటు ధరించవలసిన పోటీలలో జిప్పు పై దాకా వేసి ఉండాలి. నల్లని బూట్లు కొత్తవైతే రెండు వారాల ముందునుంచే తొడిగి అలవాటు చేసుకోవాలి.

పోటీ ముగిసిన రాత్రి, ఫలితం ఏదైనా, ప్రతి విద్యార్థీ తాను పెట్టిన వరుసను, అధికారుల వరుసను, తనను అడిగిన ప్రశ్నలను గుర్తున్నంత మేర ఒక నోటుపుస్తకంలో రాయాలి. ఆ పోటీకి తాను మళ్లీ రాలేడు కాబట్టి, ఆ పుస్తకం బడిలో తరువాతి జట్టు చేతికి చేరాలి.