కృష్ణలో పడిన కారు తాళం

కార్తీక సోమవారం విజయవాడలో స్నానానికి దిగితే, జేబులోని కారు తాళం కృష్ణమ్మ పాలైంది. రెండోది ఇల్లు మారినప్పుడే పోయింది, తప్పు నాదే. షోరూమ్‌కి ఫోన్ చేస్తే, ‘రెండూ లేవు కాబట్టి లాక్ సెట్టు మొత్తం మార్చాలి, పదహారు వేలు, పదిహేను రోజులు. బండిని లాగించుకు రండి’ అన్నారు. టెన్షన్‌తో తడిబట్టల్లోనే నిలబడిపోయాను.

మా బావ ఒక తాళాల మేస్త్రీని పంపాడు. ముందు ఆర్‌సీ, ఆధార్ చూపించమన్నాడు. చిరాకేసింది గానీ, అడగనివాడిని నమ్మకూడదు కదా! సన్నటి పరికరాన్ని డోర్ లాక్‌లో పెట్టి, తాళానికి ఏ గాటు ఎంత లోతు ఉండాలో చూసుకుని, వ్యాన్‌లోనే తాళం కోశాడు. దాంతో తలుపు తెరుచుకుంది, ఇంజన్ మాత్రం స్టార్ట్ కాలేదు. తాళం తలలో బియ్యపుగింజంత చిప్ ఉంటుందట. దాని కోడ్‌ను బండి గుర్తుపడితేనే స్టార్టవుతుంది. స్టీరింగ్ కింద, బండి కంప్యూటర్‌కు కలిపే ఓబీడీ పోర్టుకు మిషన్ తగిలించి కొత్త చిప్ నమోదు చేశాడు, పాత తాళాల కోడ్‌లు చెరిపేయించాను.

గంటన్నర పని, రెండు తాళాలకు కలిపి ఏడు వేలు. ఇన్సూరెన్స్‌లో తాళం పోతే డబ్బిచ్చే యాడ్-ఆన్ ఉంటుందని ఆ తర్వాత తెలిసింది. రెండో తాళం ఇప్పుడు అమ్మ బీరువాలో ఉంది.